ఒక్క పీరియడ్‌లో పట్టిన ఆట

బడుల్లో మా యక్షగానం ఆట ఆడడానికి మాకు అనుమతి ఎట్లా వచ్చిందో రాసిపెట్టమని నన్ను ఎవరూ అడగలేదు. కానీ రాయకపోతే ఇబ్బందిగానే ఉంది. ఆ సంగతి మా చిన్నాయన ఒక తీరుగా చెబుతాడు, మా బావ ఇంకో తీరుగా చెబుతాడు. చిన్నాయన చెప్పే దాంట్లో బడి గంట మోగనే మోగదు. బావ చెప్పే దాంట్లో గంట మోగిన తర్వాతే అసలు కథ మొదలవుతుంది, అందులో ఆయనొక్కడే ఉంటాడు. ఆఫీసు వాళ్లిచ్చిన కాగితంలోనేమో "ప్రదర్శనకు అనుమతించడమైనది" అన్న ఒక్క వాక్యం ఉంది. మొన్న బల్మూర్ వైపు నుంచి ఒక భజన మేళం వాళ్లు వచ్చి, మేం కూడా బడుల్లో పాడాలనుకుంటున్నాం, ఏం చేయాలో చెప్పండని అడిగారు. చిన్నాయన ఒకటి చెప్పాడు, బావ మధ్యలో అడ్డం తగిలాడు, వాళ్లు చాయ్ తాగి అయోమయంగా వెళ్లిపోయారు. అందుకని జరిగింది జరిగినట్టు నేను రాస్తున్నాను. చేసిన పొరపాటు నాదే కనుక, దాన్ని సరిగ్గా చెప్పగలిగేవాణ్ణి కూడా నేనే.

మాది పాన్‌గల్ దగ్గర మెట్ట పొలాల ఊరు. పల్లి, కంది వేసుకునే కుటుంబాలు. మా తాతల కాలం నుంచి ఊళ్లో ఒక యక్షగాన మేళం ఉంది. చిన్నాయన రాజు వేషం కడతాడు, మేళానికి పెద్ద ఆయనే. మా అక్క భర్త, అంటే మా బావ, హాస్యగాడు. రాజుకు ద్వారపాలకుడిగా వచ్చి అందరినీ ఆటపట్టించే వేషం ఆయనది. నేను తెర పట్టుకుంటాను, తాళం వేస్తాను, వంత పాడతాను. మేం ఎక్కువగా ఆడేది వానను బంధించిన రాజు కథ. ఒక రాజు వాన తన తోటల మీదే కురవాలని మేఘుణ్ణి పట్టి ధాన్యం పాతరలో పెట్టి మూత వేయిస్తాడు. పాతరంటే గింజలు దాచే గొయ్యి. లోపల మేఘుడు ఏడుస్తాడు. ఆ తడికి రాజు దాచుకున్న గింజలన్నీ మొలకెత్తిపోతాయి. తినడానికి గింజ లేక రాజు బయటికొచ్చి ఒక కాపు ఇల్లాలి ముందు చేయి చాస్తాడు. మేఘుణ్ణి వదిలితేనే గింజలు పెడతానంటుంది ఆమె.

ఈ ఆట సందకాడ మొదలుపెడితే తెల్లారేవరకు సాగుతుంది. సాగేది, అనాలి. ఇప్పుడు సగం ఆటకే జనం లేచిపోతున్నారు. పోయినసారి ఆడినప్పుడు మంగళం పాడే వేళకు మా ముందు మిగిలింది మైకు సెట్టు అతనొక్కడే. అతను కూడా వైర్లు చుట్టుకుని పోవడానికి కూర్చున్నాడు. కిరీటాలు పెట్టెలో సర్దుతూ చిన్నాయన అందరి ముందు ఒక మాట అన్నాడు.

"ఇంగ చాలు. చూసెటోళ్లు లేకుండ ఎవరి కోసం ఎగురుడు? ఈ ఏడు ఎక్కడన్న పని బడితె సరే. లేకుంటె పెట్టె దీస్కపోయి గుడిల పెడత. నేను మల్ల గజ్జె కట్ట."

చిన్నాయన మాట అంటే అంతే. ఆయన బీడీ మానేసింది కూడా అట్లాగే, ఒక్క మాటతో. ఆయన గజ్జె కట్టకపోతే మా ఊళ్లో రాజు వేషం తెలిసినవాడు ఇంకొకడు లేడు. అదంతా ఆయన నోట్లోనే ఉంది, కాగితం మీద ఎక్కడా లేదు.

బడుల సంగతి నాకు తోచింది వనపర్తి గ్రంథాలయంలో. నా బడి చదువు ఏడో తరగతితో ఆగింది. తర్వాతి చదువంతా ఆ గ్రంథాలయపు బెంచీ మీదే. పల్లి అమ్మడానికి పోయినా, ఎరువు తేవడానికి పోయినా, తిరుగు బస్సుకు ముందు అక్కడ కూర్చోకుండా రాను. చరిత్ర చదివాను, పశువుల రోగాల గురించి చదివాను, గ్రహణాలు ఎట్లా లెక్కగడతారో చదివాను. నాటకాల మీద ఉన్న అల్మారా మొత్తం చదివాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పిల్లలకు ఆటల ద్వారా పాఠాలు చెప్పడం గురించి ఒక పుస్తకం చదువుతుంటే, మేఘుడి కథ బడి పిల్లలకైతే ఎంత బాగుంటుందో అనిపించింది. లైబ్రరీ సారును అడిగితే, దానికి జిల్లా విద్యాశాఖ ఆఫీసులో అనుమతి తీసుకోవాలని చెప్పి దరఖాస్తు ఎట్లా రాయాలో చూపించాడు.

చిన్నాయనను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. బడుల్లో కార్యక్రమాలు చూసే సెక్టోరియల్ సారు మా కాగితం చదివాడు.

"ఆట ఎంతసేపు ఉంటది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే చిన్నాయన గర్వంగా, "సందకాడ ఎత్తుకుంటె తెల్లారుడే సార్" అన్నాడు.

సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "పెద్దమనిషీ, పిల్లలు ఇంటికి పోవాలె గద."

"ఒక పీరియడ్‌కు సరిపోయేటట్టు చేస్తం సార్" అన్నాను నేను. చిన్నాయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సారు మాత్రం కాస్త మెత్తబడి షరతులు చెప్పాడు. ఆట ఒక్క పీరియడ్ దాటకూడదు. మొత్తం స్క్రిప్టు రాసి ముందుగా ఇవ్వాలి. ఒక బడిలో తన ముందు, అక్కడి హెడ్ మేడం ముందు ఆడి చూపించాలి. ట్రయల్ ఒక్కసారే. అందులో బాగులేదంటే ఈ విద్యా సంవత్సరానికి మళ్లీ దరఖాస్తు లేదు.

బయటికి వచ్చాక చిన్నాయన, "పుట్టెడు గింజలు సోలెడుల పోస్తనని మాటిచ్చినవ్ గదరా" అన్నాడు.

"కోస్తం చిన్నాయనా."

"ఏం కోస్తవ్? తలకాయ కోస్తవా, కాళ్లు కోస్తవా?"

అయినా ఒప్పుకున్నాడు. అప్పుడు మా చేలలో పల్లి పీకుతున్నారు. ఆయన గట్టు మీద కూర్చుని చెబుతుంటే నేను రాసేవాణ్ణి. ఆయనకు పాడకుండా చెప్పడం రాదు. మధ్యలో ఆపి, "ఆ ముందు మాట ఏమిటి చిన్నాయనా" అంటే, "ఆగు, మొదటి సంది రావాలె" అని మళ్లీ ఎత్తుకునేవాడు. పల్లి పీకే ఆడవాళ్లు వంత పాడేవాళ్లు. అట్లా మొత్తం రాయడం అయ్యాక, నేను గ్రంథాలయంలో కూర్చుని కోయడం మొదలుపెట్టాను. మంత్రి మాటలు తీసేశాను. రెండో రాణిని తీసేశాను. యుద్ధం తీసేశాను. మిగిలిన దాన్ని గోడ గడియారం చూసుకుంటూ మొదటినుంచి చివరిదాకా చదివాను. పీరియడ్ కంటే కొంచెం తక్కువే వచ్చింది. ఇంకోసారి చదివాను, అంతే వచ్చింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తుంటే నాకు చాలా తృప్తిగా అనిపించింది.

వేషాలు కట్టి ఒకసారి ఆడి చూద్దామని నేను అనలేదు. అన్నా ఎవరూ వినరు. మా మేళంలో ఒక కట్టుబాటు ఉంది. గజ్జె కట్టి ఆట ఎత్తుకుంటే మంగళం పాడేదాకా ఆపకూడదు. ఉత్తుత్తిగా గజ్జె కట్టడం ఉండదు. పైగా అందరికీ కంఠతా వచ్చిన ఆట. కూర్చుని కోసిన చోట్లు మాత్రం అనుకున్నాం, అంతే.

ట్రయల్ బడి వనపర్తి దగ్గరే. పొద్దున్నే ట్రాలీ ఆటోలో కిరీటాల పెట్టె, హార్మోనియం, తెర వేసుకుని పోయాం. సైన్సు గదిలో మాకు వేషాలు కట్టుకోవడానికి చోటిచ్చారు. గోడ మీది ఎముకల గూడు బొమ్మ ముందు చిన్నాయన మొహానికి పచ్చటి అర్దళం రంగు పూసుకుంటుంటే బావ, "మామా, ఈయన గూడ రాజే అయి ఉంటడు. తెల్లారిందాక ఆడి ఆడి గిట్లయిండు" అన్నాడు. చిన్నాయన నవ్వలేదు. ఆయన వేషం కట్టేటప్పుడు నవ్వడు. మేఘుడి వేషం మా తమ్ముడు వరస అయ్యేవాడిది. ఒళ్లంతా దూది అంటించుకుని బల్ల మీద కూర్చున్నాడు. నీ పిలుపు వచ్చినప్పుడు రా అని చెప్పి మేం బయటికి నడిచాం.

భోజనాల ముందరి పీరియడ్ అది. పిల్లలంతా ఆవరణలో వరుసలుగా కూర్చున్నారు. సెక్టోరియల్ సారు, హెడ్ మేడం కుర్చీల్లో కూర్చున్నారు. ప్రార్థన పాడాం. తర్వాత నేనూ ఇంకొకరూ తెర పట్టుకున్నాం. తెర వెనక రాజు నిలబడ్డాడు. పైన కిరీటం కొన ఒక్కటే కనిపిస్తోంది. బావ ముందుకొచ్చి, "ఎవరయ్యా మీరు? కరెంటు స్తంభమా? పేరేంది, ఊరేంది?" అన్నాడు. పిల్లలు పడి పడి నవ్వారు. హెడ్ మేడం కూడా నవ్వింది. నా గుండె నెమ్మదించింది.

అప్పుడు రాజు ప్రవేశ దరువు మొదలైంది. దరువంటే పాడుతూ, అడుగులు వేస్తూ తనెవరో చెప్పుకునే పాట. నేను కాగితం మీద దానికి ఎనిమిది పంక్తులు ఉంచాను. చదివితే ఎంతసేపు? కానీ రాజు ఒక పంక్తి పాడతాడు, మేం దాన్ని వంత పాడతాం. రాజు మళ్లీ పాడతాడు, ఈసారి అడుగు మారుస్తాడు. హార్మోనియం అందుకుంటుంది, మద్దెల అందుకుంటుంది, రాజు ఒక చుట్టు తిరుగుతాడు. అప్పుడు రెండో పంక్తి. మధ్యలో తెర సగం దించాలి, మళ్లీ ఎత్తాలి, మళ్లీ దించాలి. పిల్లలు కళ్లార్పకుండా చూస్తున్నారు, చిన్నాయన అంత బాగా ఆడటం నేనే చాలా రోజుల తర్వాత చూశాను. నాకు మాత్రం చెమటలు మొదలయ్యాయి. తెర పట్టుకున్న చేతికి గడియారం ఉంది. రాజు తన తోటల వర్ణనలోకి వచ్చేసరికి దాన్ని చూశాను, మళ్లీ చూడబుద్ధి కాలేదు.

రాజు ఇంకా తోటలోనే ఉండగా గంట కొట్టారు.

గంట కొడితే పిల్లలు లేస్తారు, అది వాళ్లకు అలవాటు. పైగా ఆ రోజు గుడ్డు పెట్టే రోజు. వెనక వరుసలు లేచాయి. సెక్టోరియల్ సారు గడియారం చూసుకుని కుర్చీలోంచి లేచాడు. హెడ్ మేడం నావైపు తిరిగి, "ఆపండి ఇంక, టైం అయిపోయింది" అంది. నేను చిన్నాయనకు కళ్లతో సైగ చేశాను. ఆయన చూశాడు. చూసి కూడా ఆడుతూనే ఉన్నాడు. మంగళం లేకుండా గజ్జె ఆగదు. మంగళం దాకా పోవాలంటే ఇంకా మేఘుడు రావాలి, పాతర రావాలి, మొలకలు రావాలి. ఇటు గంట మోగింది, అటు రాజు ఆగడు. మధ్యలో తెర పట్టుకుని నేను. అయిపోయింది అనుకున్నాను. ఆ పెట్టె గుడికి పోయినట్టే.

అప్పుడు బావ గబగబా హెడ్ మేడం ముందుకు పోయి దండం పెట్టాడు, వేషంలోనే.

"అమ్మా మహారాణీ, మా రాజు తోట జూపిస్తుండు, మీ పిల్లలేమో గుడ్డు దిక్కు జూస్తున్నరు. ఇద్దర్ల ఎవరి దిక్కు ఉండాలె నేను?"

పిల్లలు ఆగిపోయి నవ్వారు.

"పిల్లలారా, అసలు సంగతి చెప్పాల్నా? ఈ రాజు వానను పట్టుకొని బంధించాలె. ఆ వానేమో సైన్సు రూముల దూది ఏసుకొని పొద్దటి సంది కూసున్నది. ఇంగ పట్టుకోనే లేదు! ఓ మేఘుడా, రారా బయటికి!"

మా తమ్ముడు పిలుపు విని పరుగెత్తుకొచ్చాడు. ఎక్కడికి రావాలో, ఏ పాట పాడాలో తెలియక దూది రాలుతూ మధ్యలో నిలబడ్డాడు. చిన్నాయన కూడా ఒక్క క్షణం నిలబడిపోయాడు. బావ అటూ ఇటూ చూసి, వంటగది ముందు కడిగి పెట్టిన పెద్ద గిన్నెను, అన్నం వండే గంజును, చూపించి, "ఇదే పాతర! లోపలికి పో" అన్నాడు. వంట చేసే అక్క గరిటె పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏయ్, గంజుల కాళ్లు పెట్టకు కొడుకా! పోరగాళ్ల అన్నం గంజది!"

"పెట్టడమ్మా, పెట్టడు. వాన గంజు ఎనక దాసుకుంటది" అన్నాడు బావ. మేఘుడు గంజు వెనక కూర్చుని తల బయట పెట్టి ఏడ్చాడు. గింజలు మొలకెత్తిన సంగతి బావ రెండు మాటల్లో చెప్పాడు. కాపు ఇల్లాలి వేషం వెయ్యాల్సినవాడు చీరలో బయటికొచ్చేలోపే బావ వంటక్క ముందు చేయి చాచి, "మా రాజుకు ఆకలైతుంది, జర ఇంత పెట్టరాదమ్మా" అన్నాడు. ఆమె గరిటె నడుముకు ఆనించుకుని, "వానను ఇడిశిపెట్టమను, పెడత" అంది. అంత సేపూ ఆమె వింటూనే ఉందన్నమాట. రాజు మేఘుణ్ణి విడిచిపెట్టాడు. మేం మంగళం ఎత్తుకున్నాం. పిల్లలు పళ్లేలు మోగిస్తూ వరుసలో నిలబడ్డారు.

సెక్టోరియల్ సారు మా స్క్రిప్టు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఇందులో అన్నం గంజు ఎక్కడుందయ్యా? మీరిచ్చిందొకటి, ఆడిందొకటి. ఆఫీసుకు రండి, చెప్త" అని బండెక్కి వెళ్లిపోయాడు.

పెట్టె సర్దుకుని తిరిగి ఆటో ఎక్కాం. చిన్నాయన మొహం మీది అర్దళం సరిగ్గా కడుక్కోలేదు, చెవుల దగ్గర పసుపుపచ్చగా అట్లాగే ఉంది. ఇల్లు చేరాక పెట్టెకు తాళం వేసి ఆ తాళంచెవి దేవుని పటం వెనక పెట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు చేనులో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఫోన్‌లో గడియారం పెట్టుకుని ఆ ఎనిమిది పంక్తులు పాడాను, వంతతో సహా, చుట్లతో సహా. పీరియడ్‌లో పెద్ద ముక్క దానికే పోయింది. అప్పుడు అర్థమైంది నేను చేసిందేమిటో. నోరు కదపకుండా చదివే చదువుకు అలవాటు పడ్డవాణ్ణి, ఆటను కూడా కళ్లతోనే ఆడి చూసుకున్నాను. చిన్న వయసు నుంచి వంత పాడేవాణ్ణి, ఆ మాత్రం తట్టలేదు. మంత్రినీ, యుద్ధాన్నీ కోశాను కానీ అవి చిన్నవి. కోయాల్సింది రాజు ప్రవేశాన్ని. అది చిన్నాయనకు ఎట్లా చెప్పాలి, ఇక చెప్పినా లాభమేముంది?

ఆఫీసుకు ఒక్కణ్ణే పోయాను. చిన్నాయన రానన్నాడు. సెక్టోరియల్ సారు నన్ను కూర్చోమన్నాడు, అదే మంచి శకునమో చెడ్డ శకునమో తెలియలేదు. హెడ్ మేడం రిపోర్టు ఆయన బల్ల మీద ఉంది.

"మేడం ఏం రాసిందో తెలుసా? పిల్లలు రెండు రోజుల సంది గింజలు తడిస్తే ఎందుకు మొలకెత్తుతయని అడుగుతున్నరట. తడిబట్టల శెనగలు కట్టి పెట్టిన్రట క్లాసుల. ఇంకోసారి పూర్తిగా చూపిస్తే బాగుండు అని రాసింది."

"సార్, మరి ట్రయల్ ఒక్కసారే అన్నరు గద."

సారు స్క్రిప్టు పేజీలు తిప్పాడు. "ఒక్కసారే. కానీ మీరు ఇచ్చింది ఆడనే లేదు. ఇందులో ఉన్న ఆట నేను ఇంకా చూడలేదు. చూడని దాన్ని బాగులేదని ఎట్ల రాస్త? ట్రయల్ జరగలేదని రాస్తున్న. వచ్చే వారం ఆడుండ్రి. ఈసారి మాత్రం గంట కొట్టేలోపు అయిపోవాలె. కొత్తగా కోసింది ముందే ఇచ్చి పోవాలె. ఇంకో మాట, ఆ గంజు ఉంచుండ్రి."

ఆయన బల్ల ముందు లేచి నిలబడి దండం పెట్టాను. బయటికొచ్చి బస్టాండు దాకా నడిచాను, గ్రంథాలయం ముందు నుంచే పోయాను, ఆగలేదు.

చిన్నాయన ఇంటి ముందు పల్లి ఆరబోసి ఉంది. మేళం వాళ్లంతా వచ్చారు. సంగతి చెప్పాను. సంతోషం అయిపోయాక అసలు ముక్క మిగిలింది. రాజు ప్రవేశం కోయాలి. నేను అనడానికి జంకుతుంటే బావ అనేశాడు.

"మామా, నీ తోట మస్తుంటది. కానీ ఆ తోట దాటి బయటికొచ్చేసరికి పోరగాళ్లకు పెండ్లిళ్లు అయితున్నయి."

చిన్నాయన చేతిలో పల్లికాయ పట్టుకుని ఒలవకుండా చూస్తూ కూర్చున్నాడు.

"మా నాయిన నాకు ఆ దరువు నేర్పేటందుకు ఒక వానకాలం పట్టింది" అన్నాడు చివరికి. "అది లేకుంటె నేను రాజును ఎట్లయిత?"

నేను చదివిన అల్మారాలో దీనికి జవాబు లేదు.

కాసేపటికి ఆయనే, "వంత తీసెయ్‌రి" అన్నాడు. "నేను ఒక్కసారి పాడత, ఒక్క చుట్టు తిరుగుత. తోట వద్దు. తోట సంగతి అల్లుడు చెప్తడు, నేను తెర ఎనక ఉన్నప్పుడే. కానీ ఒకటి ఇనుండ్రి. నా ప్రవేశం నేనే కోసుకుంట. నువ్వు కలం పెట్టకు దాని మీద."

"పెట్టను చిన్నాయనా."

ఈసారి గజ్జెలు కట్టి, వేషాలతో, గడియారం ముందు పెట్టుకుని ఆడి చూశాం. కట్టుబాటు ప్రకారం ఆడిన ప్రతిసారీ మంగళం పాడాం. ఒక పూటకు రెండు మూడుసార్లు ఆడాల్సి వచ్చేది. మూడో రోజు పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏందిరా, పూటకు మూడు మంగళాలు? దేవున్ని సుత కూసోనియ్యరా జరసేపు?"

"పర్మిషన్ వచ్చేదాక అంతే పెద్దమ్మా" అన్నాడు బావ. "దేవుడు గూడ మా మేళంల చేరిండు."

రెండో ట్రయల్ అదే బడిలో, అదే పీరియడ్‌లో. నేను తెర పట్టుకుని ఈసారి గడియారం చూడలేదు, హెడ్ మేడం మొహం చూశాను. రాజు తెర దాటి ఒక్క చుట్టు తిరిగాడు. ఆ ఒక్క చుట్టులో ఆయన ఏం పెట్టాడో నేను చెప్పలేను, కానీ అది చిన్నదిగా అనిపించలేదు. మేఘుడు వేళకు వచ్చాడు. పాతరగా అన్నం గంజు ముందే తెచ్చి పెట్టాం. వంటక్క దాన్ని తోమి పెట్టింది, గరిటెతో పక్కన నిలబడింది, తన మాట తను వేళకు అంది. మొలకెత్తిన గింజలని మేం చెప్పగానే ఒక తరగతి మొత్తం, "శెనగలు గూడ మొలకెత్తినయ్ సార్!" అని అరిచింది. మంగళం అయిపోయింది. గంట కొట్టలేదు.

మా అందరికీ ఏం చేయాలో తోచలేదు. ఆటలో మాకు ఎన్నడూ సమయం మిగల్లేదు. చిన్నాయన కిరీటంతో నిలబడి నావైపు చూశాడు. హెడ్ మేడం పిల్లలతో, ఏమైనా ఉంటే రాజును అడగండి అంది. ఒక పిల్ల లేచి, "రాజుగారూ, ఆ కిరీటం బరువుంటదా?" అంది. చిన్నాయన దాన్ని తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "మస్తు బరువుంది తాతా" అంది ఆ పిల్ల. అప్పుడు గంట మోగింది.

సెక్టోరియల్ సారు అక్కడే కాగితం మీద సంతకం పెట్టాడు. ఆర్డరు తర్వాత వచ్చిందిగానీ, మాకు ఆ సంతకమే ఆర్డరు. చిన్నాయనకు చూపిస్తే చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, సూర్యుడు ఉండగానే నులక మంచం మీద పడుకున్నాడు. వారం నుంచి ఆయన సరిగ్గా నిద్రపోలేదని పిన్ని అంది. ఆ గురక వింటూ మేం వాకిట్లో కూర్చుని పల్లికాయలు ఒలుచుకుని తిన్నాం.

వనపర్తి కాగితం జత చేస్తే నాగర్‌కర్నూల్‌లోనూ గద్వాలలోనూ పని తేలికైంది. మళ్లీ ట్రయల్ అడగలేదు. కల్వకుర్తి వైపు ఆడాం, బల్మూర్‌లో ఆడాం. గద్వాలలో మగ్గాల మీద చీరలు నేసే ఇళ్ల పిల్లలు మా తెర నేతను పట్టి చూసి, ఇది మిల్లు బట్ట అని తేల్చారు. సరిహద్దు ఊరి బడిలో మేఘుడు బయటికి రాగానే కొందరు పిల్లలు కన్నడంలో "మళె బంతు!" అని కేకలు వేశారు. వాన వచ్చిందని. ఎక్కడికి పోయినా గంజు ఆ బడి వంటగదిదే. ఎక్కడికి పోయినా గింజల దగ్గరికి వచ్చేసరికి అక్కడి వంటమనిషి చేతే ఆ మాట అనిపిస్తాం.

ఇక సాయం చేసిన వాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. కానీ మా మేళంలో పేర్లు చదవడం మొదలుపెడితే ఊరందరివీ చదవాలి, ఒక్కటి తప్పినా ఏడాది మాటలుండవు. అందుకని పేర్లు రాయడం లేదు, ఎవరిని అంటున్నానో వాళ్లకు తెలుస్తుంది. జరగని ట్రయల్‌ను జరగలేదని రాసిన సారుకు. శెనగలు తడిబట్టలో కట్టనిచ్చిన హెడ్ మేడానికి. దరఖాస్తు రాయడం నేర్పి, అడిగిన ప్రతి పుస్తకమూ దించి ఇచ్చిన లైబ్రరీ సారుకు. ఆటను చదివి కొలవకూడదని ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన పని ఆయనది కాదు. గరిటె పట్టుకుని ఆటలోకి వచ్చిన వంటక్కకు. దూదితో ఓపికగా కూర్చున్న మా తమ్ముడికి. మూడు మంగళాలు భరించిన పెద్దమ్మకు. మా బావకు, ఇది ఆయన చదివి మిగతాదంతా తప్పంటాడని తెలిసి కూడా.

చిన్నాయనకు నేరుగానే చెబుదామని పోయి కాళ్లకు దండం పెట్టబోయాను. ఆయన కాలు వెనక్కి తీసుకుని, "ఇవన్నీ తర్వాతరా. రేపు ఏ బడికో, ఆటో ఎన్ని గంటలకో అది చెప్పు ముందు" అన్నాడు.